అసలు జోలికి రారు, వడ్డీని వదలరు

ప్రశ్న: మాది ఏలూరు జిల్లా. పోయిన ఏడాది పట్టపగలు ఇంట్లో దొంగలు పడి మా అక్కను చంపేశారు. ఎవరో ఇప్పటికీ తెలియలేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ 8 లక్షల పరిహారం మంజూరు చేసింది. మేనకోడలికి (13 ఏళ్లు) 3 లక్షలు, మేనల్లుడికి (8 ఏళ్లు) 3 లక్షలు, బావకు 2 లక్షలు. చేతికి వచ్చింది కొంతే, మిగతాది ఫిక్స్‌డ్ డిపాజిట్లలో పెట్టారు. ఇవి కాక కాలనీవాళ్లు, బావ ఆఫీసు స్నేహితులు చందాలు వేసుకుని 1,80,000 రూపాయలు బావ ఖాతాలో వేశారు. నేను పిల్లల పేరున చెరో 50 వేలు డిపాజిట్ చేశాను. బావ జీతం ఏడాదికి 14 లక్షలు. మాకు తెలిసిన ఆడిటర్ ఒకాయన 8 లక్షలూ ఇతర ఆదాయం కింద చూపించి పన్ను కట్టాల్సిందే అంటున్నారు. బ్యాంకులోనేమో 15జి (వడ్డీ మీద పన్ను కోయొద్దని రాసిచ్చే ఫారం) ఇచ్చేస్తే గొడవ ఉండదంటున్నారు. బావ మాత్రం "ఆ డబ్బు ముట్టుకుంటే రాజీ పడ్డట్టే" అని తన వాటాలో రూపాయి తీయలేదు. ఏం చేయాలో చెప్పండి.

జవాబు: మీ ఉత్తరంలో మూడు రకాల డబ్బుంది. ప్రభుత్వం ఇచ్చింది, చందాలుగా వచ్చింది, మీరు వేసింది. మూడూ కలిసి బ్యాంకు పుస్తకంలో ఒకేలా కనిపిస్తాయి కానీ పన్ను లెక్కలో దేని దారి దానిదే. ఆడిటర్ గారు పన్ను కట్టమన్న డబ్బుకు పన్ను లేదు. మీరు అడగని డబ్బుకు ఉంది. అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

ముందు ఆ 8 లక్షలు. ఇది ఆదాయం కాదు. మీ అక్క పోయినందుకు, పిల్లలకు తల్లి లేకుండా పోయినందుకు ఇచ్చిన నష్టపరిహారం. సంపాదన కాదు, వ్యాపారంలో లాభం కాదు, జీతానికి బదులుగా ఇచ్చిందీ కాదు. పన్నువాళ్ల భాషలో దీన్ని మూలధన రాబడి అంటారు. మూలధన రాబడి మీద పన్ను వేయాలంటే చట్టంలో ప్రత్యేకంగా రాసి ఉండాలి. ప్రాణనష్టానికో శరీరానికి తగిలిన దెబ్బకో ఇచ్చే పరిహారం గురించి అలా ఎక్కడా రాయలేదు. రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారి కుటుంబాలకు ట్రిబ్యునళ్లు ఇప్పించే పరిహారాన్ని ఆదాయంగా చూడకపోవడానికి కారణం కూడా ఇదే.

మరి ఆడిటర్ గారు ఎందుకలా అన్నారు? ఆయన్ను పూర్తిగా తప్పుపట్టలేను. నేరబాధితుల పరిహారానికి పన్ను మినహాయింపు అని పేరు పెట్టి చెప్పే సెక్షన్ ఆదాయపు పన్ను చట్టంలో లేదు. భోపాల్ గ్యాస్ బాధితుల పరిహారానికి 1961 చట్టంలో విడిగా ఒక క్లాజు పెట్టారు. తుపాను, భూకంపం లాంటి విపత్తుల్లో ప్రభుత్వం ఇచ్చే సాయానికి ఇంకొకటి పెట్టారు. ఈ రెండూ చూసినవారికి "వాటికి రాశారు, దీనికి రాయలేదు, అంటే దీనికి పన్ను ఉన్నట్టే కదా" అనిపిస్తుంది. అనిపించడంలో వింత లేదు గానీ లెక్క అది కాదు. మినహాయింపు కావాల్సింది ఆదాయానికి. అసలు ఆదాయమే కానిదానికి మినహాయింపుతో పనేముంది? ఇంకొక మాట. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లన్నీ మారిపోయాయి. కాబట్టి ఎవరైనా పాత నంబరు పట్టుకుని వాదిస్తే కంగారు పడకండి, సూత్రం మారలేదు.

రిటర్నులో ఈ 8 లక్షలు చూపించాలా వద్దా అని కూడా అడుగుతారు. చూపించకపోతే తప్పు లేదు. నేనైతే పన్ను లేని రాబడుల పట్టికలో ఒక వరుసగా చూపించమంటాను. రేపు ఈ డిపాజిట్లు ఎక్కడివని ఎవరైనా అడిగితే జవాబు ముందే ఇచ్చినట్టు ఉంటుంది. న్యాయసేవాధికార సంస్థ ఇచ్చిన ఉత్తర్వు, ఎఫ్ఐఆర్ నకలు, డబ్బు జమైన రోజు బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక కవరులో పెట్టి ఉంచండి. బాబుకు 18 ఏళ్లు వచ్చేదాకా ఆ కవరుతో పని ఉంటుంది.

ఇక వడ్డీ. అసలు కన్నా వడ్డీ ముద్దు అని మనవల్ని చూసి అంటాం. పన్ను శాఖ కూడా ఆ మాటే అంటుంది, అర్థం మాత్రం వేరు. పరిహారం సొమ్ము మీద బ్యాంకు ఇచ్చే వడ్డీ మామూలు వడ్డీయే. అది విషాదం తాలూకు డబ్బు మీద వచ్చిందా, ఇల్లు అమ్మిన డబ్బు మీద వచ్చిందా అని చట్టం చూడదు.

మీ విషయంలో డబ్బు ఎలా పంచారో చూద్దాం. మహిళలపై జరిగే నేరాలకు జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2018లో ఒక పరిహార పథకం తయారు చేసింది. సుప్రీంకోర్టు ఆదేశంతో అదే ఏడాది అక్టోబర్ 2 నుంచి రాష్ట్రాల్లో అమలుకు వచ్చింది. అందులో ప్రాణం పోతే 5 నుంచి 10 లక్షలు. పెద్దవాళ్ల వాటాలో 75 శాతం కనీసం మూడేళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచాలి, 25 శాతం వెంటనే వాడుకోవచ్చు. మైనర్ల వాటాలో 80 శాతం డిపాజిట్. అది వాళ్లకు 18 ఏళ్లు నిండాకే, అదీ వేసి మూడేళ్లు దాటాకే చేతికి వస్తుంది. వడ్డీ మాత్రం నెలనెలా సేవింగ్స్ ఖాతాలో పడుతుంది, తీసుకోవచ్చు.

అంటే పిల్లలకు చెరో 2,40,000, బావకు 1,50,000 డిపాజిట్‌లో ఉన్నాయి. లెక్క కోసం 7 శాతం వడ్డీ అనుకుందాం. పిల్లలవి చెరి 16,800, బావది 10,500. మీరు వేసిన లక్ష మీద 7,000. మొత్తం ఏడాదికి 51,100 రూపాయలు.

"పిల్లల వడ్డీ పిల్లలదే కదా, వాళ్లకు వేరే ఆదాయం లేదు కదా" అంటారు. అక్కడే చాలామంది బోల్తా పడతారు. మైనర్ పిల్లల ఆదాయాన్ని తల్లిదండ్రుల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవారి ఆదాయంలో కలపాలి. ఇక్కడ మిగిలింది తండ్రి ఒక్కడే కాబట్టి ఆయన లెక్కలోనే కలుస్తుంది. పాత పన్ను విధానంలో ఒక్కో పిల్లకు ఏడాదికి 1,500 రూపాయల మినహాయింపు ఉంది. కొత్త విధానంలో అదీ లేదు. (ఆ 1,500 ఎన్నేళ్లుగానో అలాగే ఉంది. ఇప్పుడు దాంతో ఒక పిల్లవాడికి స్కూలు బూట్లు, బ్యాగు కూడా రావు.) తల్లిదండ్రులిద్దరూ లేని పిల్లలైతే ఈ కలపడం ఉండదు, పిల్లల పేరునే సంరక్షకుడు రిటర్ను వేస్తాడు. చట్టం గుర్తించే స్థాయిలో వైకల్యం ఉన్న మైనర్ ఆదాయం కూడా కలపరు. మీ పిల్లలకు ఈ రెండూ వర్తించవు, కానీ నేరంలో దెబ్బతిన్న పిల్లలున్న ఇళ్లలో రెండోది చాలా ముఖ్యం. అది తెలియక ఏళ్ల తరబడి తండ్రి జీతంలో కలిపి పన్ను కట్టేవాళ్లున్నారు.

బావ కొత్త విధానంలో ఉన్నారనుకుంటే 14 లక్షల్లో 75 వేలు స్టాండర్డ్ డిడక్షన్ పోగా 13,25,000. 2025-26 నుంచి ఉన్న శ్లాబుల్లో 12 నుంచి 16 లక్షల మధ్య ఆదాయానికి 15 శాతం పన్ను. 51,100 మీద 7,665, దానికి 4 శాతం సెస్సు కలిపితే దాదాపు 7,970 రూపాయలు. ఆడిటర్ గారు చెప్పినట్టు 8 లక్షలూ ఆదాయంలో కలిపితే ఎంతయ్యేదో ఊహించుకోండి. ఆయన దగ్గర కూర్చున్నప్పుడు ఈ తేడా నెమ్మదిగా చెప్పండి, పోట్లాట పెట్టుకోవద్దు. మంచి ఆడిటర్ అయితే మరోసారి చూసి ఒప్పుకుంటారు.

ఎవరైనా కోర్టు తీర్పు చూపించి "వడ్డీకి కూడా పన్ను లేదు" అంటే అది వేరే వడ్డీ అని తెలుసుకోండి. రోడ్డు ప్రమాదం కేసులో దరఖాస్తు వేసిన రోజు నుంచి తీర్పు వచ్చే రోజుదాకా ట్రిబ్యునల్ కలిపి ఇచ్చే వడ్డీ పరిహారంలో భాగమేనని 2019లో బొంబాయి హైకోర్టు చెప్పింది. పరిహారం చేతికొచ్చాక మనం బ్యాంకులో వేస్తే వచ్చే వడ్డీకి ఆ తీర్పుతో సంబంధం లేదు.

ఇప్పుడు 15జి సంగతి. (2026 ఏప్రిల్ నుంచి దాని స్థానంలో ఫారం 121 వచ్చింది, సంగతి అదే.) బ్యాంకులో మీకు ఆ సలహా ఇచ్చినవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆ కాగితం మీద సంతకం పెట్టడమంటే "ఈ ఏడాది నా మొత్తం ఆదాయం మీద కట్టాల్సిన పన్ను సున్నా" అని రాసివ్వడం. బావ పన్ను కట్టే మనిషి. ఆయన అది ఇస్తే తప్పుడు ధ్రువీకరణ అవుతుంది. ఇవ్వకండి. ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50 వేలు దాటితే వాళ్లు 10 శాతం టీడీఎస్ (వడ్డీ ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోస్తారు. కోయనివ్వండి. అది పోయే డబ్బు కాదు, రిటర్నులో సర్దుబాటు అవుతుంది. పిల్లల పాన్ కింద కోస్తే మాత్రం తండ్రి పేరున జమ చేయమని బ్యాంకుకు రాసివ్వాలి. లేకపోతే ఆదాయం తండ్రి లెక్కలో, కోసిన పన్ను పిల్లవాడి లెక్కలో ఉండి రెండేళ్లు తిప్పుతుంది.

ఇక మీరు అడగని 1,80,000 సంగతి. రాయడానికి నాకే ఇబ్బందిగా ఉంది.

కాలనీవాళ్లు, ఆఫీసువాళ్లు ఇచ్చింది ప్రభుత్వ పరిహారం కాదు. చట్టం దృష్టిలో ప్రతిఫలం లేకుండా వచ్చిన సొమ్ము. బంధువులు కానివారి నుంచి ఒక ఏడాదిలో ఇలా వచ్చింది మొత్తం 50 వేలు దాటితే, దాటినంత మేరకే కాదు, మొత్తానికీ పన్ను. ఒక్కొక్కరు రెండు వేలో మూడు వేలో ఇచ్చినా సరే, అన్నీ కలిపే చూస్తారు. పెళ్లికి వచ్చే చదివింపులకూ కానుకలకూ మినహాయింపు ఉంది. చావుకు వచ్చే సాయానికి లేదు. కోవిడ్‌తో చనిపోయినవారి కుటుంబాలకు మాత్రం తర్వాత ఒక సవరణతో ఊరట ఇచ్చారు, హత్యకు గురైనవారి ఇళ్లకు అది వర్తించదు. ఇది న్యాయమా అంటే కాదనే నా అభిప్రాయం. కానీ ఉన్న చట్టం ఇది. 1,80,000 మీద 15 శాతం అంటే 27,000, సెస్సుతో 28,080 రూపాయలు.

ఆ చందాల జాబితా ఎవరి దగ్గరైనా ఉంటే తీసుకుని చూడండి. అందులో బావ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వాళ్ల భార్యలు, భర్తలు, మేనత్తలు, పెదనాన్నలు, పిన్నులు ఉంటే వాళ్లిచ్చింది తీసేయండి, దానికి పన్ను లేదు. పెదనాన్న కొడుకు ఇచ్చింది మాత్రం తీయడానికి లేదు. మన వరసల్లో ఆయన సొంత అన్న. ఆదాయపు పన్ను చట్టంలో పరాయివాడు. జాబితా తీసేటప్పుడు ఉన్నది ఉన్నట్టు రాయండి. ఇప్పుడు కూర్చుని ఇచ్చినవాళ్ల పేర్లు మార్చడం, డబ్బు వెనక్కి ఇచ్చి మళ్లీ పిల్లల ఖాతాల్లో వేయించడం లాంటివి వద్దు. ఖాతాలో పడిన తేదీ, పేరు చెరిగిపోవు.

మీరు మేనమామగా పిల్లలకు వేసిన లక్షకు పన్ను లేదు. తల్లి అన్నదమ్ములు చట్టం చెప్పే బంధువుల్లోనే ఉన్నారు. దాని మీద వడ్డీని పైన లెక్కలో కలిపేశాను.

రెండూ కలిపితే బావకు ఈ ఏడాది జీతం మీద పన్ను కాక అదనంగా 36 వేల దాకా వస్తుంది. 10 వేలు దాటింది కాబట్టి ముందస్తు పన్ను (ఏడాది ముగియకముందే వాయిదాల్లో కట్టేది) కట్టాలి, ఆలస్యమైతే దానికో వడ్డీ. సులువైన దారి ఏమిటంటే, ఆఫీసు అకౌంట్స్ విభాగానికి ఈ ఇతర ఆదాయం వివరాలు రాసిచ్చి మిగిలిన నెలల జీతంలోనే కోయమనడం. జూలైలో ఒక్కసారి టెన్షన్ పడే బదులు నెలకు కొంచెం కొంచెంగా పోతుంది.

పన్ను మాట అయిపోయింది. బావ మాట ఉంది.

ఆ డబ్బు ముట్టుకుంటే రాజీ పడ్డట్టే అని ఆయన అనుకోవడం నాకు అర్థమవుతుంది. మన ఊళ్లలో హత్య తర్వాత డబ్బు చేతులు మారిందంటే పెద్దమనుషులు కూర్చుని కేసు మూసేశారనే అర్థం. కానీ ఇది ఇచ్చింది దొంగలు కాదు, వాళ్ల తరఫువాళ్లూ కాదు. రాష్ట్ర ప్రభుత్వం. నేరస్తుడు ఎవరో తెలియకపోయినా, విచారణే మొదలుకాకపోయినా బాధితులు పరిహారం అడగొచ్చని చట్టంలోనే రాసి ఉంది. 2009 చివరి నుంచి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 357ఏ సెక్షన్‌గా ఉండేది, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 396వ సెక్షన్. ఈ డబ్బు తీసుకున్నందుకు కేసు ఒక్క అంగుళం కూడా పక్కకు జరగదు. రేపు నిందితులు దొరికితే బావ సాక్ష్యం ఈ రోజు ఎంత బరువుందో అప్పుడూ అంతే ఉంటుంది. నిందితులకు శిక్షపడితే కోర్టు వాళ్ల జరిమానా నుంచి విడిగా పరిహారం ఇప్పించే వీలు కూడా ఉంది, అది 395వ సెక్షన్.

మీరు ఒత్తిడి చేయకండి. ఆయన వాటా వాడుకోకపోయినా పోదు. చేతికొచ్చిన 50 వేలు సేవింగ్స్ ఖాతాలో ఉంటాయి, మిగతాది డిపాజిట్‌లో ఉంటుంది. వాడినా వాడకపోయినా వడ్డీ మీద పన్ను మాత్రం కట్టాలి, ఆ ఒక్కటి ఆయనకు చెప్పండి. "నేను తీసుకోలేదు" అన్న మాట రిటర్నులో చెల్లదు.

ఇలాంటి ఆపదలో ఉన్న వేరే ఇళ్లవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి రెండు మూడు మాటలు. దరఖాస్తు జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవాధికార సంస్థలో ఇవ్వాలి. వాళ్ల హెల్ప్‌లైన్ 15100. మహిళలకు, పిల్లలకు వకీలు ఖర్చు ఉండదు, ఆదాయంతో పనిలేదు. విచారణ రెండు నెలల్లో ముగించాలని చట్టం చెబుతుంది. మహిళల పథకంలో నేరం జరిగిన రోజు నుంచి గానీ కేసు ముగిసిన రోజు నుంచి గానీ మూడేళ్లలోపు అడగాలి. ఆలస్యానికి గట్టి కారణం ఉంటే క్షమిస్తారు. మగవారు బాధితులైతే రాష్ట్ర ప్రభుత్వ పథకం వర్తిస్తుంది, మొత్తాలు వేరుగా ఉంటాయి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నడిచే చాలా కేసుల్లో సాయం ఎఫ్ఐఆర్ దశలో కొంత, చార్జిషీటు దశలో కొంత, శిక్ష పడ్డాక కొంత వస్తుంది. గుర్తు తెలియని బండి గుద్ది చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు ఇచ్చే పథకం 2022 ఏప్రిల్ నుంచి ఉంది. యాసిడ్ దాడి, అత్యాచారం బాధితులకైతే ప్రైవేటు ఆసుపత్రి కూడా వెంటనే ఉచితంగా వైద్యం చేయాల్సిందే. డబ్బు కట్టనిదే చేర్చుకోమనడం నేరం.

మీ ఉత్తరం చివర పాప స్కూలు ఫీజు గురించి ఒక్క ముక్క రాసి కొట్టేశారు. కొట్టేసినా చదవగలిగాను. పాప వాటాలో వెంటనే వాడుకోవడానికి వచ్చిన 60 వేలు అయిపోతే, డిపాజిట్ 18 ఏళ్లదాకా ముట్టుకోకూడదని దిగులు పడకండి. చదువుకో వైద్యానికో అత్యవసరమైతే మధ్యలో కొంత తీసుకోవడానికి అనుమతించే అధికారం జిల్లా న్యాయసేవాధికార సంస్థకే ఉంది. తండ్రిగా బావ పేరున దరఖాస్తు రాయించి, స్కూలు ఇచ్చిన ఫీజు చీటీ, డిపాజిట్ రసీదు నకలు జతచేసి ఇవ్వండి. సంతకం ఆయనే పెట్టాలి. తన వాటా ముట్టని మనిషి పాప ఫీజుకు పెడతారనే అనుకుంటున్నాను.